ఇల్లడ సొమ్మును వర్తక ధర్మమును

గోప్యతా శాసనమును గూర్చి మన వర్తక ప్రపంచమున ఇప్పుడు రెండు విధములైన మాటలు వినవచ్చుచున్నవి. పెద్ద కంపెనీలవారు న్యాయవాదులను సమకూర్చుకొని, ఎన్ని కాగితములు వ్రాసియుంచినచో తమకు చిక్కు రాకుండునో లెక్కించుకొనుచున్నారు. చిన్న వర్తకులు ఇది తమకు సంబంధింపని వ్యవహారమని ఊరకున్నారు. ఈ రెండును తప్పుదారులే యని మా దృఢాభిప్రాయము. భారత పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ శాసనమునకు వలయు నిబంధనలను కేంద్రప్రభుత్వమువారు 2025 నవంబరులో ప్రకటించినారు. ఆ ప్రకటన ననుసరించి వర్తకులపై బడు ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు, అనగా 2027 మే నెలవరకు, ఈయబడినది. ఈ గడువు ఎట్లు వినియోగింపబడునను దానిపై కోట్లకొలది కుటుంబముల గుట్టు ఆధారపడియున్నది. కావున ఈ విషయమున వర్తకులకును, ప్రభుత్వమువారికిని, పాఠక మహాశయులకును కొన్ని మాటలు విన్నవింప దలచితిమి.

శాసనము మాటిమాటికి మారుచున్నదను వర్తకుల మొర నిరాధారమైనది కాదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక శాసనమును, దాని క్రింద 2011లో వెలువడిన కొలది నిబంధనలును మాత్రమే మనకు చాలకాలము దిక్కైయుండెను. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, పుట్టస్వామి వ్యాజ్యెములో, గోప్యత పౌరుని ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. జస్టిస్ శ్రీకృష్ణ సంఘమువారు 2018లో నివేదికయు, చిత్తు శాసనమును సమర్పించిరి. 2019 డిసెంబరులో ఒక బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చెను. దానిని ఉభయసభల సంయుక్త సంఘము రెండేండ్లు పరిశీలించి 2021 డిసెంబరులో నివేదిక నీయగా, 2022 ఆగస్టులో ప్రభుత్వమువారు ఆ బిల్లునే ఉపసంహరించుకొనిరి. అదే సంవత్సరము నవంబరులో వేరొక చిత్తు వెలువడెను. 2023లో అది శాసనమయ్యెను. 2025 జనవరిలో నిబంధనల చిత్తు, నవంబరులో తుది నిబంధనలు వచ్చినవి. తీర్పునకును నిబంధనలకును నడుమ ఎనిమిదేండ్లు గడచినవి. ఇట్టి స్థితిలో, నేడు కట్టిన గోడ రేపు పడగొట్టవలసివచ్చునేమోయని వర్తకుడు సంకోచించుట సహజమే.

అయినను ఈ అస్థిరత్వము మన దేశమునకే పరిమితమైనది కాదు. ఐరోపా ప్రజల సమాచారమును అమెరికాకు పంపుటకై 2000 సంవత్సరమున ఒక ఏర్పాటు జరిగెను. 2015లో ఐరోపా న్యాయస్థానము దానిని కొట్టివేసినది. 2016లో రెండవ ఏర్పాటు చేసికొనిరి. 2020 జూలైలో దానికిని అదే గతి పట్టినది. 2023లో మూడవదానికి ఒడబడిరి. ఈ నడుమ 2018 మే 25వ తేదీనుండి ఐరోపావారి సమాచార రక్షణ నిబంధన అమలునకు వచ్చి, తప్పుచేసిన కంపెనీ ప్రపంచ వ్యాప్తముగా గడించు వార్షికాదాయములో నూటికి నాలుగు వంతులవరకు జుల్మానా విధింప వీలు కల్పించినది. 2023 మే నెలలో ఐర్లండు సమాచార రక్షణాధికారులు మెటా కంపెనీకి 120 కోట్ల యూరోల జుల్మానా విధించిరి. న్యాయవాదుల కొరతగాని, ధనపు కొరతగాని ఆ కంపెనీకి లేదు. కాగితముల బలము చాలినదైనచో ఆ జుల్మానా పడియుండునా?

మన దేశముననే వేరొక నిదర్శనము గలదు. చెల్లింపుల సమాచారమును భారతదేశముననే నిలువయుంచవలెనని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆజ్ఞాపించి, ఆరు నెలల గడువిచ్చినది. మార్పు అసాధ్యమనియు, వ్యయ భూయిష్ఠమనియు విదేశీ కంపెనీలు వాదించినవి. 2021లో మాస్టర్‌కార్డు, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీలు క్రొత్త ఖాతాదారులను చేర్చుకొనరాదని రిజర్వు బ్యాంకు నిషేధించెను. ఆజ్ఞను సంతృప్తికరముగ పాటించిన పిదప 2022లో ఆ నిషేధములు తొలగిపోయినవి. అసాధ్యమనబడినది సాధ్యమే అయ్యెను. నడుమ ఏడాదిపాటు వ్యాపారము మాత్రము నష్టపడినది. శాసనము మారునని వేచియుండువాడు ప్రతిమార్పునకును మరల మరల మూల్యము చెల్లించుచునే యుండును. శాసనము యొక్క ప్రాణమేదో తెలిసికొని దానికి తగినట్లు తన యింటిని సవరించుకొన్నవానికి, పైపై మార్పులు అంతగా బాధ కలిగింపవు.

అయిన ఆ ప్రాణమెద్ది? ఇతరుల సమాచారమును చేపట్టినవానికి ఈ శాసనము 'డేటా ఫిడ్యూషియరీ' యను పేరు పెట్టినది. నమ్మి అప్పగించినదానిని కాపాడువాడని దాని తాత్పర్యము. ఇది మనకు క్రొత్త కాదు. మన ధర్మశాస్త్రములు వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించి, అందు నిక్షేపమునకు ప్రత్యేక స్థానమొసంగినవి. తెలుగువారు దానినే ఇల్లడ యనిరి. ఇల్లడ పెట్టిన సొమ్మును వాడుకొన్నవానిని, పోగొట్టినవానిని, అడిగినపుడు తిరిగి యీయనివానిని మన పెద్దలు దొంగతో సమానముగ చూచిరి. నేడు ఇల్లడ పెట్టునది బంగారము కాదు. పేరు, ఫోను నంబరు, పుట్టిన తేదీ, జబ్బు, జీతము, బిడ్డ చదువు. వస్తువు మారినది, ధర్మము మారలేదు.

శాసనము విధించిన నియమములను చూడుడు. ఏ సమాచారము ఏ పనికి తీసికొనుచున్నారో ముందుగా స్పష్టమైన మాటలలో తెలుపవలెను. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టముగా ఉండవలెను. ఇచ్చినంత సులభముగా దానిని వెనుకకు తీసికొన వీలుండవలెను. పని తీరిన పిదప సమాచారమును తుడిచివేయవలెను. దానిని కాపాడుటకు తగిన జాగ్రత్తలు తీసికొనవలెను. తీసికొననిచో 250 కోట్ల రూపాయలవరకు జుల్మానా. సమాచారము చోరీయైనచో సంబంధించినవారికిని, సమాచార రక్షణ బోర్డునకును జాగులేక తెలుపవలెను. బోర్డునకు 72 గంటలలోపల సవిస్తరముగ నివేదింపవలెను. పదునెనిమిదేండ్లు నిండని బాలబాలికల విషయమున తల్లిదండ్రుల సమ్మతి రుజువుతో ఉండవలెను. వీనిలో నిజాయితీగల వర్తకుడు జంకవలసినది ఏమున్నది?

శాసనమునందే ఉదాహరింపబడిన ఒక విషయమును ఇట చెప్పుట ఉచితము. వైద్య సలహానిచ్చు ఒక యాపు, రోగి సమాచారముతోపాటు అతని ఫోనులోని బంధుమిత్రుల నంబర్ల పట్టికనుగూడ చూడ సమ్మతి నడిగినదనుకొనుడు. రోగి 'సరే' యని నొక్కినను, వైద్యమునకు అక్కరలేని ఆ పట్టిక విషయమున సమ్మతి చెల్లదు. పైచూపునకు ఇది చిన్న సంగతి. కాని తెలుగునాట ఈ చిన్న సంగతి ప్రాణములు తీసినది. 2020 డిసెంబరులో తెలంగాణమున అప్పుల యాపుల దౌర్జన్యములు బయటపడినపుడు ఏమి తెలిసెను? కొలదివేల రూపాయల అప్పునకై ఫోనులోని నంబర్లన్నియు దోచుకొని, గడువు తప్పినవాని బంధువులకు, స్నేహితులకు, తోటి ఉద్యోగులకు అవమానకరములైన సందేశములు పంపి, అభిమానవంతులను ఆత్మహత్యకు పురికొల్పిరి. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టి నిందితులను నిర్బంధించిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పుల యాపులు ఫోనులోని నంబర్ల పట్టికను, ఛాయాచిత్రములను ముట్టరాదని శాసించినది. ఆ రక్షణ రెండేండ్లు ముందు వచ్చియుండినచో ఎన్ని యిండ్ల దీపములు ఆరకుండెడివో! గోప్యత ధనికుల విలాసమనువారు ఈ ఉదంతమును మరువరాదు. అవమానమునకు ఎక్కువగా గురియగువాడు బీదవాడే.

ఇట మన జాతీయాభిమానమునకు తగులు ఒక విషయము గలదు. హైదరాబాదులోని కార్యాలయములలో మన యువకులు ఐరోపావారి బ్యాంకు లెక్కలు, వైద్య పత్రములు, జీతపు చిట్టాలు ఏండ్ల తరబడి నడుపుచున్నారు. ఐరోపా శాసనమునకు లోబడి ఆ సమాచారమునకు తాళములు వేయుచున్నారు. ఎవరు చూచిరో వ్రాసియుంచుచున్నారు. పని తీరగనే తుడిచివేయుచున్నారు. అనగా ఈ విద్య మనవారికి చక్కగ వచ్చును. అట్లయిన సాయంకాలము ఇంటికి మరలుచు అదే యువకుడు మందుల దుకాణమున చెప్పిన తన ఫోను నంబరు, లాడ్జిలో ఇచ్చిన తన ఆధార్ జిరాక్సు ఎచటెచట తిరుగుచున్నవో ఎవరికిని తెలియకుండుట ఏమి న్యాయము? పరదేశపు ఖాతాదారునకు చేసిన మర్యాద స్వదేశపు ఖాతాదారునకు చేయలేమా? శక్తి లేక కాదు. ఇంతవరకు అడిగినవారు లేకపోవుటచేతనే ఇట్లు జరిగినది.

ఇక చిన్న వర్తకుని మాట. కిరాణా అంగడివాడు, ట్యూషను నడుపు మాస్టరు, చిట్టీల కంపెనీ గుమాస్తా, చిన్న ఆసుపత్రి యజమాని, వీరెల్లరు న్యాయవాదిని నియమించుకొన గలరా? లేరు. నియమించుకొన నక్కరయు లేదు. కాగితపు పుస్తకములో నున్నంతవరకు ఈ శాసనము దానిని ముట్టదు. కంప్యూటరునకో, ఫోనునకో ఎక్కిన క్షణమునుండి ముట్టును. కావున వారికి మా సలహా యిది. మొదట, తమ యొద్ద ఎవరి సమాచారము ఏమేమి యున్నదో, ఎచట నున్నదో ఒక పట్టిక వ్రాసికొనవలెను. అట్లు వ్రాయబూనినగాని తమ యొద్ద ఎంత చెత్త పేరుకొన్నదో వారికే తెలియదు. రెండవది, పనికిరానిదానిని తుడిచివేయవలెను; ఇకముందు అడుగుట మానవలెను. పావుశేరు పప్పు కొనువాని పుట్టినతేదీతో అంగడికి ఏమి పని? మూడవది, ఆధార్ వంటి పత్రముల నకళ్లు వాట్సప్‌లో పంపించుకొని అట్లే వదలివేయు అలవాటు మానవలెను. నాలుగు అంకెలు మాత్రమే కనబడు ఆధార్ ప్రతితో పని జరుగునపుడు పూర్తి ప్రతి కోరరాదు. నాలుగవది, ఖాతాదారుల పట్టికను ఎవరెవరు చూడవచ్చునో నిర్ణయించి, పని మానిపోయిన గుమాస్తాకు ఆనాడే దారి మూసివేయవలెను. ఐదవది, పాత ఖాతాదారులకుగూడ శాసనానుసారము నోటీసు ఈయవలసియున్నది గనుక దానిని ఇప్పుడే సిద్ధపరచుకొనవలెను.

ఈ ఐదింటికి పెద్ద వ్యయము లేదు. వీనిని చేసినవాడు, రేపు నిబంధనలు మరల మారినను, కొలది సవరణతో నిలువగలడు. తక్కువ తీసికొన్నవానికి కాపాడవలసినదియు తక్కువ, పోగొట్టుకొనునదియు తక్కువ. మందుల దుకాణము విషయమున శాసనము చూపిన మార్గమును గమనింపుడు. కొన్నవారు స్వయముగా నంబరు చెప్పి రసీదు ఫోనునకు పంపుమని కోరినచో, రసీదు పంపుటకు దానిని వాడవచ్చును. ఆ నంబరునే పెట్టుకొని, ఫలాని జబ్బునకు మందు కొన్నవారి జాబితాయని వేరొకనికి అమ్ముట యిల్లడ సొమ్మును కాజేయుటయే.

పెద్ద కంపెనీలవారికి మేము చెప్పునది కొంచెము కఠినముగా నుండును. ముప్పది పుటల షరతులు సూక్ష్మాక్షరములలో వ్రాసి, క్రింద ఒకే మీట పెట్టి, 'సమ్మతించితిరి కదా' యనుట సమ్మతి కాదు; అది వల. ఈ శాసనము ప్రకారము, కోరినవారికి నోటీసు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనను చదువుకొన వీలుండవలెను. ఆ భాషలలో మన తెలుగు ఒకటి. ఈ హక్కు మనకు చిన్నది కాదు. కాని యంత్రముచేత అనువదింపించి, చదివినవానికి తలయు తోకయు తెలియని తెలుగును అచ్చువేసి చేతులు దులుపుకొందురేమోయని మాకు భయముగా నున్నది. గుంటూరు మిర్చియార్డులోని రైతునకు, వరంగల్లు విద్యార్థినికి, సింగరేణి కార్మికునకు ఒకసారి చదివినంతనే అర్థమగు తెలుగులో నోటీసు వ్రాయవలెను. అట్లు వ్రాయించుటకు కంపెనీలు తెలుగు వచ్చినవారికి జీతమిచ్చి నియమింపవలెను. ఈ పనిలో తెలుగు పత్రికలును, విశ్వవిద్యాలయములును తోడ్పడవచ్చును.

వర్తకులకు ఇంత చెప్పిన పిదప ప్రభుత్వమువారికి చెప్పక విడుచుట ధర్మము గాదు. ఈ శాసనము ప్రజలకు కాపలా పెట్టినదే గాని, కాపలాదారునకు కాపలా పెట్టలేదు. దేశభద్రత, శాంతిరక్షణ మొదలగు కారణములతో కేంద్రప్రభుత్వమువారు తమ యే శాఖనైనను ప్రకటనమాత్రమున శాసనమునుండి తప్పింపవచ్చును. బోర్డు అధ్యక్షుని, సభ్యులను నియమించువారు వారే. అమలు ఆరంభమైన ఐదేండ్లలోపల ఏ తరగతి సంస్థలనైనను ఏ నియమమునుండియైనను మినహాయించు అధికారముగూడ వారు తమ చేతిలో పెట్టుకొనిరి. నిబంధనలు ఒక నోట పని తీరినదానిని తుడిచివేయుమనుచు, వేరొక నోట ప్రభుత్వావసరములకై సమాచారమును, రాకపోకల లెక్కలను కనీసము ఒక సంవత్సరము నిలువయుంచుమనుచున్నవి. కొలదిగా నుంచుకొనుడని వర్తకునకు మేము బోధించుచుండ, ఉంచియే తీరవలెనని ప్రభుత్వమువారే ఆజ్ఞాపించిన, అతడు ఎవరి మాట వినవలెను?

అంతకంటె విచారకరమైన సంగతి వేరొకటి. 2000 సంవత్సరపు శాసనములోని 43-ఏ విభాగము, కంపెనీల అజాగ్రత్తచే నష్టపడినవారికి నష్టపరిహారము కోరు హక్కునిచ్చినది. క్రొత్త శాసనము ఆ విభాగమును తొలగించుచున్నది. జుల్మానా సొమ్మంతయు ప్రభుత్వ ఖజానాకు చేరును. నష్టపడినవానికి దమ్మిడియు రాదు. పైగా అతడు మిథ్యాభియోగము తెచ్చెనని తేలినచో పదివేల రూపాయలవరకు అతనికే జుల్మానా పడవచ్చును. ఐరోపా శాసనములో నష్టపడినవాడు పరిహారము కోర వీలున్నది. సొమ్ము పోయినవానికి సొమ్ము తిరిగి యీయని న్యాయము సగము న్యాయమే.

సమాచార హక్కు శాసనమునకు జరిగిన సవరణగూడ మమ్ము కలతపెట్టుచున్నది. 2005 శాసనము ప్రకారము, వ్యక్తిగత విషయము ప్రజాకార్యములతో సంబంధము లేనిదైనచో, లేదా దాని వెల్లడి గోప్యతకు అకారణ భంగము కలిగించునదైనచో, అధికారులు దాచ వీలుండెను. ప్రజాహితము కోరినపుడు అదియు వెల్లడింపవలసియుండెను. ఇప్పుడు 'వ్యక్తిగత సమాచారము' అన్న ఒక్క మాటతో తలుపు మూయ వీలు కల్గినది. ప్రజాహితము గొప్పదైనచో వెల్లడింపవచ్చునను వేరొక ఉపవిభాగము మిగిలియున్న మాట నిజమే. కాని దానిని నిర్ణయించువాడు, దాచదలచిన అధికారియే గదా! రేషను పట్టికలో చనిపోయినవారి పేర్లున్నవా, ఉపాధి హామీ కూలి ఎవరి ఖాతాకు పోయినదియని అడుగు గ్రామీణునకు ఈ సవరణ అడ్డుగోడ కారాదు. గోప్యత పౌరునకు కవచము. అధికారికి ముసుగు కారాదు.

కావున మా కోరికలు మూడు. వర్తక సంఘములు జిల్లాజిల్లాలో చిన్న వర్తకులను సమావేశపరచి, 2027 మే నెలకు ముందుగానే తెలుగులో వారికి ఈ బాధ్యతలు బోధింపవలెను. క్రొత్తగా వెలసిన చిన్న సంస్థలకు నోటీసు మొదలగు కొన్ని నియమములనుండి మినహాయింపు నీయ శాసనమున వీలున్నది. ఇచ్చినను భద్రత విషయమున ఎవరికిని మినహాయింపు నీయరాదు. ప్రభుత్వమువారు బోర్డును తమ గుప్పిటినుండి విడిపించి, నష్టపరిహారపు హక్కును పునరుద్ధరించి, మినహాయింపులకు పార్లమెంటు పర్యవేక్షణ నేర్పరుపవలెను.

పాఠకులకును ఒక కర్తవ్యము గలదు. అంగడిలో నంబరు అడిగినపుడు 'ఎందులకు?' అని అడుగుడు. ఖాతాదారుని ఫోను నంబరునకై ఒత్తిడి చేయరాదని కేంద్ర వినియోగదారుల శాఖవారు 2023లోనే అంగళ్లవారికి సూచించియున్నారు. అడిగినవారిని వింతగా చూచినను వెరవవలదు. స్వరాజ్యమనగా పరాయివాడు తొలగిపోవుట మాత్రమే కాదని మన పెద్దలు చెప్పిరి. తన వ్యవహారముపై తనకు అధికార ముండుటయే స్వరాజ్యము. తన పేరుపై, తన జబ్బుపై, తన బిడ్డల వివరములపై అధికారము లేనివాడు ఏ స్వరాజ్యమును అనుభవించుచున్నట్లు? వర్తకుడు ఇల్లడను కాపాడవలెను. ప్రభుత్వము వర్తకుని కనిపెట్టవలెను. ప్రజలు ఇరువురిని కనిపెట్టవలెను. ఈ మూడును కుదిరిననాడు శాసనము ఎన్నిసార్లు మారినను దేశమునకు భయములేదు.